మీ వోల్టేజీ ఎక్కడ పడిపోతోంది?

రెండేళ్ల కిందట, వానాకాలంలో ఒక రాత్రి బెంగళూరు వర్తూరులో మా వీధికి కరెంటు పోయింది. అందులో వింత లేదు. ఇన్వర్టరు అందుకుంది. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఒక వైఫై డబ్బా. మామూలుగా ఐదారు గంటలు లాగేది, ఆ రాత్రి ఇరవై నిమిషాలకే కీచుకీచుమని అరిచి ఆరిపోయింది. మర్నాడు బ్యాటరీలమ్మే దుకాణం నుంచి ఒక కుర్రాడొచ్చాడు. మీటరు బయటికి తియ్యలేదు. బ్యాటరీ మీద తేదీ చూశాడు. "ఇది అయిపోయింది సార్, మార్చెయ్యండి" అన్నాడు. పదిహేను వేలు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను ఉద్యోగం మార్చేద్దామని చూస్తున్నాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఒంట్లో ఏమీ మిగలడం లేదు. పదో తరగతి చదివే మా అమ్మాయి లెక్క అడిగితే విసుక్కుంటున్నాను. మా ఆవిడ ఏదైనా చెప్తుంటే మాట పూర్తికాకుండానే ఊఁ కొట్టేస్తున్నాను. "ఎనర్జీ లేదు, అయిపోయాను" అన్నది నాకు ఊతపదమైపోయింది. బ్యాటరీకీ నాకూ ఒకటే రోగం. వైద్యం కూడా ఒకటే అనుకున్నాను, మార్చెయ్యడం.

పదిహేను వేలు పోసే ముందు ఇంకొకరి మాట కూడా విందామని మా అపార్టుమెంటులో పనులు చేసే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. ముళబాగిలు వైపు మనిషి. కోలారు జిల్లాలో చాలామందికిలాగే ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. వచ్చి బ్యాటరీ ముందు గొంతుక్కూర్చుని మీటరు తీశాడు. నేను పక్కన నిలబడి, అంతా తెలిసినవాడిలా, "వోల్టేజీ ఎంతుందన్నా?" అన్నాను.

అతను తల తిప్పి చూశాడు. "యాడికీ యాడికీ మధ్యన సార్?"

నేను ఇంజనీరింగు చదివినవాణ్ని. సాఫ్ట్‌వేర్ టెస్టింగు నా వృత్తి. అయినా ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మీటరుకి రెండు తీగలుంటాయి, ఎరుపొకటి, నలుపొకటి. ఒక్కదాన్ని ఎక్కడ ఆనించినా అది చెప్పేదేమీ ఉండదు. రెండోది ఇంకోచోట ఆనాలి. వోల్టేజీ ఒకచోట ఉండే వస్తువు కాదు, రెండు చోట్ల మధ్య ఉండే తేడా. పదో తరగతి పుస్తకంలో పొటెన్షియల్ భేదం అని ఎంత స్పష్టంగా రాశారో! అందులో ‘భేదం’ అనే మాటని మనం పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చాం.

పదకొండు వేల వోల్టుల తీగ మీద కాకి హాయిగా కూర్చుంటుంది. దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉన్నాయి, కాళ్ల మధ్య తేడా దాదాపు సున్నా. పదకొండు వేల మీద కూర్చున్నానని అది గొప్పలు చెప్పుకున్నా దానివల్ల ఒక్క బల్బూ వెలగదు. వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో ఇలాంటి కాకుల్ని చాలామందిని చూశాను.

ఈ తేడా సంగతి కళ్లతో చూడాలంటే మా చెరువు దగ్గరికి రావాలి. ఇక్కడ వర్తూరు కోడి అనే కూడలి ఉంది. ఊరికి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకి బస్సు కండక్టరు ఆ పేరు అరవగానే పందెం కోడి గుర్తొస్తుంది, నాకూ వచ్చింది. కన్నడంలో కోడి అంటే చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు. మనం అలుగు అంటాం, రాయలసీమలో మరవ అంటారు, తెలంగాణలో మత్తడి. బెళ్లందూరు చెరువు నీళ్లు వర్తూరు చెరువులోకి వస్తాయి. ఇక్కడి నుంచి పొర్లి దక్షిణ పినాకిని వైపు సాగిపోతాయి. చెరువులో ఎన్ని నీళ్లున్నాయన్నది కాదు ప్రశ్న. కట్టకి ఇవతలా అవతలా మట్టం ఒకటే అయితే చుక్క కదలదు. పల్లం ఉంటేనే పరుగు.

2015లో ఇదే చెరువు దేశమంతటా వార్తల్లోకెక్కింది. తెల్లటి నురగ మంచులా లేచి గాలికి ఎగిరి రోడ్డు మీద పడేది, స్కూటర్ల మీద వెళ్లేవాళ్లు ముఖాలు తుడుచుకునేవాళ్లు. నగరంలోని సబ్బు నీళ్లు, మురుగు నీళ్లు చెరువంతా ఉన్నాయి. కానీ నురగ చెరువు నడిబొడ్డున, నిలకడ నీళ్ల మీద అంతగా లేచేది కాదు. నీళ్లు దూకే చోట లేచేది. ఎందుకంటే నీటికున్న శక్తి అక్కడే బయటపడుతుంది. పైనుంచి కిందికి పడినప్పుడు పోగొట్టుకున్న ఎత్తే నురగై లేచింది.

ఇప్పుడు ఇంకొకటి గమనించండి. దూకక ముందు ఎన్ని నీళ్లు వచ్చాయో, దూకాక కూడా అన్ని నీళ్లే పోతున్నాయి. నీళ్లు ఖర్చు కాలేదు, ఎత్తు ఖర్చయింది. వలయంలో కరెంటు కూడా అంతే. బల్బులోకి ఎంత కరెంటు వెళ్తుందో, రెండో తీగలోంచి అంతా వెనక్కి వస్తుంది. "బల్బు కరెంటు తింటుంది" అనేది మన మాటల్లో పాతుకుపోయిన పొరపాటు. కరెంటు తినబడదు, అది మోసుకొచ్చిన శక్తిని దించి వెళ్తుంది. ఒక కూలంబు ఆవేశం ఎంత శక్తిని దించుతుందన్న లెక్కే వోల్టు. ఒక కూలంబు ఒక జౌలు దించితే ఒక వోల్టు, పన్నెండు దించితే పన్నెండు. సెకనుకి ఎన్ని కూలంబులు నడుస్తున్నాయన్నది ఆంపియరు. రెంటినీ గుణిస్తే వాట్లు. ఇంతకంటే ఇందులో దాగిన రహస్యమేమీ లేదు.

ఇది చదివి వెంటనే "అంటే నేను పనిలో ఖర్చు కావడం లేదన్నమాట" అని సంతోషపడకండి. మనుషులు తీగలు కారు. స్టేజి ఎక్కి పాజిటివ్ ఎనర్జీ, నెగెటివ్ ఎనర్జీ అని ఉపన్యాసాలిచ్చేవాళ్లంటే నాకు మొదటి నుంచీ చిరాకు. పాజిటివ్ నెగెటివ్ రెండూ లేకపోతే టార్చిలైటు కూడా వెలగదని వాళ్లకెవరైనా చెప్పాలి. నేను ఎలక్ట్రీషియన్ దగ్గర తీసుకున్నది తత్వం కాదు, తప్పు ఎక్కడుందో వెతికే పద్ధతి.

అతను చేసింది చెప్తాను. మొదట ఏ భారమూ లేకుండా బ్యాటరీ కొసల మధ్య కొలిచాడు. 12.6. నిండు బ్యాటరీ. "బాగానే ఉంది కదన్నా" అన్నాను. "దీన్ని చూసి మోసపోగూడదు సార్. పని చెప్పినప్పుడు చూడల్లా" అని మెయిన్ స్విచ్ కట్టేశాడు. ఇల్లంతా ఇన్వర్టరు మీద పడింది. ఇప్పుడు బ్యాటరీ సీసపు కొసల మధ్య 12.2. కొంచెం తగ్గింది, అది సహజం, ఏ బ్యాటరీకైనా లోపల తన నిరోధం తనకుంటుంది. తర్వాత తీగలు ఇన్వర్టరులోకి చేరే చోట కొలిచాడు. 10.6!

బ్యాటరీ దగ్గర 12.2, మూరెడు దూరంలో ఇన్వర్టరు దగ్గర 10.6. మిగతా 1.6 ఎక్కడ పోయింది? అతను ఎర్ర తీగని సీసపు కొస మీద, నల్ల తీగని దాన్ని పట్టుకున్న క్లాంపు మీద ఆనించాడు. రెంటి మధ్య దూరం వేలెడంత కూడా లేదు. మీటరు 1.5 చూపించింది. ఆ సందులో తెల్లగా, పచ్చగా ఉప్పులాంటి పొక్కు కట్టి ఉంది. "తాకి చూడండి" అన్నాడు. కాలుతోంది.

"బ్యాటరీ బాగుండాది సార్. దోవలో పోతా ఉండాది."

లెక్క వేశాను. ఆ సమయంలో సుమారు ఇరవై ఆంపియర్లు నడుస్తున్నాయి. ఇరవైని ఒకటిన్నరతో గుణిస్తే ముప్పై వాట్లు. మా హాల్లో మూడు ఎల్ఈడీ బల్బులు వాడేంత శక్తిని ఆ పొక్కు కూర్చుని వేడి చేసుకుంటోంది. అసలు చిత్రం అది కాదు. పోయింది మొత్తంలో ఎనిమిదో వంతే. అయినా ఐదు గంటలు రావాల్సింది ఇరవై నిమిషాలకి ఎందుకు పడిపోయింది? ఎందుకంటే ఇన్వర్టరు బ్యాటరీని చూడదు. తన గుమ్మం దాకా వచ్చిన వోల్టేజీని చూస్తుంది. అది పదిన్నర దగ్గరికి రాగానే బ్యాటరీ అయిపోయిందనుకుని కట్టేస్తుంది. అది అబద్ధం చెప్పలేదు, తనకి కనబడింది చెప్పింది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. సాయంత్రం ఏడున్నరకి "అయిపోయాను" అని నేను అంటున్నది కూడా గుమ్మం దగ్గరి కొలతే కదా! బ్యాటరీ దగ్గర ఎవరు కొలిచారు?

ఇక్కడ మా అమ్మాయి పాఠంలోని ఒక సంగతి చెప్పుకోవాలి. పాతకాలపు ఫిలమెంటు బల్బులు రెండు తీసుకోండి, ఒకటి వంద వాట్లది, ఇంకొకటి నలభై వాట్లది. రెంటినీ శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా కలిపి 230 వోల్టులిస్తే ఏది ఎక్కువ వెలుగుతుంది? పదిమందిలో తొమ్మిదిమంది వంద వాట్లదంటారు. వెలిగేది నలభై వాట్లది. వంద వాట్లది ఎర్రగా మిణుకుమంటుంది, అంతే. శ్రేణిలో రెంటిలోనూ ఒకే కరెంటు నడుస్తుంది, ఎవరి నిరోధం ఎక్కువైతే వోల్టేజీలో ఎక్కువ వాటా వాళ్లకి పోతుంది. నలభై వాట్ల బల్బు ఫిలమెంటు నిరోధం ఎక్కువ. బలవంతుడు మిణుకుతుంటే మొండివాడు వెలుగుతాడన్నమాట.

రోజు కూడా శ్రేణి వలయమే. నిద్ర లేవడం, టిఫిను, బండి, ఆఫీసు, మీటింగులు, భోజనం, మళ్లీ బండి, ఇల్లు. ఒకటి దాటితేనే రెండోది. మనం మన శక్తినంతా అతిపెద్ద పని తినేస్తోందనుకుంటాం. తినేది అతి మొండిగా అడ్డుపడే చోటు. అది చాలా చిన్న చోటు కావచ్చు, వేలెడు సందు కావచ్చు.

అందుకని నేను ఒక పాతిక పేజీల నోటుబుక్కు కొన్నాను. రోజులో ఒక్కొక్క పనికి ముందూ వెనకా పదికి ఎంతున్నానో అంకె వేశాను. ఒక్క అంకెకి అర్థం లేదు, రెండు కావాలి, మీటరుకి రెండు తీగలు కావలసినట్టు. మీరు కూడా చేసి చూడండి, కానీ ఒక షరతు. ఆదివారం కొలవకండి. భారం లేనప్పుడు చచ్చిన బ్యాటరీ కూడా 12.6 చూపించగలదు. తిరుపతి వెళ్లొచ్చిన మర్నాడు, పండక్కి ఊరెళ్లొచ్చిన మర్నాడు కొలిచి "నేను బాగానే ఉన్నాను" అనుకుంటే ఉపయోగం లేదు. మామూలు మంగళవారం, పనులన్నీ నెత్తిమీద ఉన్న రోజు కొలవండి. మధ్యాహ్నం మూడు దాటాక చేతికొచ్చిన అంకె వేసేస్తాం, అక్కడ జాగ్రత్త. ఒక వారం సరిపోతుంది. నేను తొమ్మిది పనిరోజులు రాశాను.

ఫలితం నేను పందెం కాసినట్టు రాలేదు. నా అనుమానమంతా వర్తూరు రోడ్డు మీద. ఇక్కడి ట్రాఫిక్కుని తిట్టడం మా ఊళ్లో కులమతాలకి అతీతమైన సంప్రదాయం. అది ఏడుని ఆరు చేసింది, అంతే. మా మేనేజరు మీద రెండో అనుమానం. ఆయనతో మీటింగు ముందు ఏడు, తర్వాత ఏడు. ఒకరోజు ఎనిమిది కూడా వచ్చింది, ఇది ఆయనకి చెప్పలేదు. అసలు పతనం ఎక్కడుందంటే, బండి ఆపి లిఫ్టు ఎక్కి, చెప్పులు విప్పుతూ విప్పుతూ ఫోన్లో ఆఫీసు గ్రూపు మెసేజీలు చూస్తాను కదా, అక్కడ. ఐదారు నిమిషాలు. ఆరుతో లిఫ్టు ఎక్కిన మనిషి మూడుతో ఇంట్లోకి వస్తున్నాడు. తొమ్మిదిలో ఏడు రోజులు అంతే. అందులో ఒక్క మెసేజీకీ అప్పటికప్పుడు జవాబివ్వవలసిన అవసరం లేదు.

ఆఫీసు బాగానే ఉంది, ఇల్లూ బాగానే ఉంది. రెండూ కలిసే క్లాంపు దగ్గర ఉప్పు పట్టింది.

మీది అక్కడే ఉండాలని లేదు. మా స్నేహితుడొకడు చేస్తే అతనికి పొద్దున్న పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించే పది నిమిషాల్లో తేలింది. ఇంకొకావిడకి మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకే మనిషి ఒకే గోడు రోజూ వినిపించే చోట. చాలావరకు అతుకుల దగ్గరే ఉంటుంది. ఒక పని ముగిసి ఇంకొకటి మొదలయ్యే చోట, ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి మాట మారే చోట. కరెంటు పని చేసే ఎవరినైనా అడగండి, తీగ నడిమధ్యలో తెగడం అరుదు, కాలిపోయేది అతుకే అంటారు.

ఒక హెచ్చరిక. పడిపోవడమంతా నష్టం కాదు. వోల్టేజీ పడకపోతే వెలుగే లేదు. ఫ్యాను దగ్గర పడాలి, బల్బు దగ్గర పడాలి, దానికోసమే కదా ఇదంతా. మా అమ్మాయికి గంటసేపు లెక్కలు చెప్పాక నా అంకె కూడా తగ్గింది. అది పొక్కు కాదు, బల్బు. ఈ తేడా తెలియని కొందరు ‘ఎనర్జీ కాపాడుకోవడం’ పేరుతో చుట్టాల్నీ స్నేహితుల్నీ కత్తిరించేస్తుంటారు. అన్ని బల్బులూ పీకేస్తే బ్యాటరీ నిండుగానే ఉంటుంది, ఇల్లు చీకటిగా ఉంటుంది. భారం అసలే లేకుండా రెండు కొసల్నీ నేరుగా కలిపేస్తే ఇంకా ప్రమాదం, దాన్నే షార్ట్ సర్క్యూట్ అంటాం. పనేమీ లేని మనిషి రాత్రి రెండింటిదాకా ఫోను రుద్దుతూ పొద్దున్నే అలసిపోయి లేవడం అదే. శక్తంతా పోయింది, వెలిగిందేమీ లేదు.

ఇంకో విషయం, పని వాయిదా వేసేవాళ్ల కోసం. స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు వలయంలో 230 వోల్టులు ఎక్కడుంటాయో తెలుసా? బల్బు మీద సున్నా. మొత్తం 230 ఆ స్విచ్‌లోని చిన్న ఖాళీ మీద ఉంటుంది. స్విచ్ వెయ్యగానే అక్కడ దాదాపు సున్నా అయిపోయి, అంతా బల్బు మీదికి వెళ్తుంది. మొదలుపెట్టని పని మనల్ని ఎందుకంత నలుపుతుందో నాకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. నాలుగు రోజులుగా రాయని ఉత్తరం, చెయ్యని ఫోను, కట్టని ఫీజు. ఒత్తిడంతా ఆ మొదలుపెట్టని సందులోనే నిలబడి ఉంది. పని కష్టమై కాదు. మొదటి వాక్యం రాస్తే ఆ ఒత్తిడి ఉత్తరంలోకి పోతుంది.

మొదటి వాక్యం రాయగానే ఫలితం రాలేదని దిగాలుపడేవాళ్లూ ఉన్నారు. ఆ ఇరవై ఆంపియర్ల మందపాటి తీగలో ఎలక్ట్రాన్లు ఎంత వేగంగా కదులుతాయనుకున్నారు? నేను లెక్కేసి చూశాను. గంటకి సుమారు ఒక అడుగు. శుక్రవారం సాయంత్రం వర్తూరు కోడి దగ్గర వాహనాలు కూడా అంతకంటే నయం. మరి స్విచ్ వెయ్యగానే బల్బు ఎలా వెలుగుతుంది? తీగ నిండా ఎలక్ట్రాన్లు ముందే ఉన్నాయి కాబట్టి. నిండిన గొట్టానికి కుళాయి తిప్పినట్టు. కదలిక కబురు కాంతితో పోల్చదగ్గ వేగంతో వెళ్తుంది, కదిలేవాళ్లు మాత్రం నత్తలే.

ఆ రోజు ఎలక్ట్రీషియన్ టీ తాగుతూ వాళ్ల తాత కోలారు బంగారు గనుల్లో పనిచేశాడని చెప్పాడు. ఇక నన్ను ఆపడం ఎవరి తరం? శివనసముద్రం దగ్గర కావేరి దూకే చోట మైసూరు సంస్థానం జలవిద్యుత్ కేంద్రం కట్టి, 1902లో అక్కడి నుంచి కోలారు గనులకి తీగ లాగింది. దివాను శేషాద్రి అయ్యర్ పూనుకున్న పని అది. దూరం సుమారు 90 మైళ్లు. ఆనాడు ప్రపంచంలోనే అతి పొడవైన కరెంటు లైన్లలో ఒకటి. 1905లో అదే శక్తి బెంగళూరు వీధి దీపాల్లో వెలిగింది. అంత దూరం తీసుకెళ్లడానికి వాళ్లు వోల్టేజీని 30,000 పైకి లేపారు. ఎందుకంత?

చిన్న లెక్క చూడండి. 1,000 వాట్లు పంపాలి, తీగ నిరోధం ఒక ఓము. 100 వోల్టుల దగ్గర పంపితే 10 ఆంపియర్లు కావాలి. తీగలో వేడిగా పోయేది కరెంటు వర్గం లెక్కన, అంటే 100 వాట్లు. అదే 1,000 వోల్టుల దగ్గర పంపితే ఒక్క ఆంపియరు చాలు, పోయేది ఒక్క వాటు. వోల్టేజీ పది రెట్లయితే నష్టం వందో వంతు. పంపింది అదే వెయ్యి, దారిలో పోయిందే మారింది.

పిల్లలకి రోజుకి ముప్పైసార్లు "చదువుకో, చదువుకో" అంటామే, అది తక్కువ వోల్టేజీలో ఎక్కువ కరెంటు పంపడం. వంటింట్లోంచి ఒకసారి, స్నానాలగదిలోంచి ఒకసారి, టీవీ మీంచి కళ్లు తియ్యకుండా ఒకసారి. ఒక్కొక్క మాటలో ఉన్న శక్తి చాలా తక్కువ, మాటలు చాలా ఎక్కువ. తీగ వేడెక్కుతుంది, అవతల బల్బు వెలగదు. వారానికొకసారి టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూస్తూ పది నిమిషాలు మాట్లాడి చూడండి. నేను ముప్పై నుంచి మూడుకి దిగాను. సున్నాకి దిగడం తెలుగు తండ్రికి సాధ్యం కాదు.

ఆ గనుల కథలో ఇంకో ముక్క ఉంది. ఎండాకాలంలో కావేరిలో నీళ్లు తగ్గితే శివనసముద్రంలో కరెంటూ తగ్గేది, గనుల పనికి దెబ్బ. తీగని ఎంత బాగుచేసినా లాభం లేదు, ఎగువన నిలవ కావాలి. 1911లో పని మొదలైన కృష్ణరాజసాగరం ఆనకట్టకున్న కారణాల్లో ఇదొకటి. నిలవ అనగానే మనుషుల విషయంలో నిద్ర అని వేరే చెప్పక్కర్లేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, అన్నిసార్లూ తప్పు అతుకులోనే ఉండదు. బ్యాటరీ నిజంగానే పోయి ఉండొచ్చు. దానికి గుర్తు, భారం పడగానే సీసపు కొసల దగ్గరే వోల్టేజీ కూలిపోతుంది. మీ నోటుబుక్కులో పొద్దున్న లేచేసరికే మూడూ నాలుగూ కనిపిస్తుంటే, ఎనిమిది గంటలు పడుకున్నా అంతే ఉంటుంటే, క్లాంపు రుద్దుతూ కూర్చోకండి. డాక్టరు దగ్గరికి వెళ్లండి. రక్తం ఎంతుందో, థైరాయిడ్ ఎలా ఉందో, షుగరుందేమో చూపించుకోండి. ఏ పనిలోనూ మనసు పడక వారాలు గడిచిపోతుంటే మనసు డాక్టరు దగ్గరికీ వెళ్లండి, అందులో చిన్నతనం లేదు. ఉద్యోగం నిజంగానే చెడ్డదైతే మారండి. కొలిచి మారండి, అంతే నేననేది. తేదీ చూసి "అయిపోయింది" అన్న కుర్రాడిలా మాత్రం మీ గురించి మీరు తీర్పు చెప్పుకోకండి. నలభై దాటగానే ఆ తీర్పు చెప్పేసుకునేవాళ్లు మనలో ఎంతమంది!

క్లాంపు బాగుచెయ్యడానికి ఎలక్ట్రీషియన్‌కి పావుగంట పట్టింది. అన్నీ ఆపేసి, చేతి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. పన్నెండు వోల్టులు షాక్ కొట్టవు గానీ, ఉంగరమో రెంచీయో రెండు కొసలకీ ఒకేసారి తగిలితే వందల ఆంపియర్లు నడిచి వేలు కాలిపోతుంది. మీరు చేస్తే ఈ జాగ్రత్త మరిచిపోవద్దు, 230 వోల్టుల వైపు అసలు చెయ్యి పెట్టొద్దు. ముందు నెగెటివ్ క్లాంపు విప్పాడు, తర్వాత పాజిటివ్. వేడినీళ్లలో వంటసోడా కలిపి పొక్కు మీద పోస్తే బుసబుసమని పొంగి కరిగిపోయింది. సాండ్ పేపరుతో సీసం మెరిసేదాకా రుద్ది, బిగించి, మీద వాజ్‌లైన్ రాశాడు. మళ్లీ భారం పెట్టి కొలిస్తే ఆ సందులో దాదాపు సున్నా. రెండు వందల యాభై తీసుకున్నాడు.

నా క్లాంపుకి కూడా అంతే ఖర్చయింది. గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీద ఒక చెక్కపెట్టె పెట్టాం. ఇంటికి రాగానే ఫోను అందులోకి పోతుంది, అరగంట తర్వాత బయటికొస్తుంది. మొదటి వారం మా ఆవిడ నమ్మలేదు. రెండో వారం ఆవిడ ఫోను కూడా అందులోనే కనిపించింది. మా అమ్మాయి తన ఫోను పెట్టనంది, ఇంకా పెట్టలేదు.

ఉద్యోగం మారలేదు. బ్యాటరీ కూడా మారలేదు, మొన్న వానకి కరెంటు పోతే నాలుగున్నర గంటలు లాగింది. ఆర్నెల్లకోసారి మీ ఇన్వర్టరు బ్యాటరీ మూత తీసి క్లాంపులు చూసుకోండి, డిస్టిల్డ్ వాటర్ తగ్గితే పోసుకోండి.